పైసా ఖర్చు లేని మంచినీళ్లు

మునిసిపాలిటీ వారికి నాదొక ఉచిత సలహా అండి. నీళ్ల సరఫరా ఖర్చు తగ్గించడానికి కమిటీలెందుకు, 1947లోనే అమెరికా లెక్కల పండితుడు జార్జ్ డాంట్జిగ్ గారు సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టి పెట్టారు కదా. ఖర్చుకో సూత్రం రాసుకోవడం, పక్కన షరతులు రాసుకోవడం, షరతులు తప్పకుండా ఎక్కడ ఖర్చు బాగా తక్కువో అక్కడ ఆగిపోవడం. ఇందులో జవాబు ఎప్పుడూ షరతుల గీతలు కలిసే ఏదో ఒక మూలన దొరుకుతుందట. మా పేటలో కుళాయి నీళ్లూ అంతే.

ఖర్చంటే కాలువ నుంచి చెరువులోకి తోడే కరెంటు, పటిక, క్లోరిన్, ట్యాంకెక్కించే మోటార్లు, పైపులు. సన్న పైపు కొంటే ఆ రోజుకి చవకే గానీ రాపిడికి మోటారు ఏళ్ల తరబడి కరెంటు తాగుతుంది. ఇదంతా ఇంజనీర్లు తేల్చేస్తారు. చిక్కంతా షరతుల దగ్గరే.

మొదటిది మనిషికి రోజుకెన్ని లీటర్లని. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊరికి 135, లేని ఊరికి 70 అని కేంద్రం వారు 1999 మాన్యువల్లో రాశారు. అంటే మన పెద్దలు ఇన్నేళ్లూ డ్రైనేజీ తవ్వకుండా సగం నీళ్లు ఆదా చేశారన్నమాట, మనమే అపార్థం చేసుకుని తిట్టాం. రెండోది, కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఏ కుళాయి దగ్గర? ట్యాంకు కిందున్న కుళాయి దగ్గర కొలిస్తే ఎప్పుడూ పాసే.

మూడోది గట్టిది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు, చెరువులో నిల్వతోనే నెట్టుకురావాలి. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టేసి వెళ్లారు గానీ, మే నెలలో చెరువు అడుగు కనిపిస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. బోరు వేద్దామంటే సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు, కాలువ వదిలాక చూస్తే అందులో రొయ్యల చెరువుల నీళ్లు.

షరతు కాస్త సడలిస్తే ఖర్చెంత తగ్గుతుందో చెప్పే లెక్కని షాడో ప్రైస్ అంటారు. మన దగ్గర ఆ ధర ఇరవై లీటర్ల టిన్ను రూపంలో పొద్దున్నే ఆటోలో గుమ్మం ముందుకొస్తుంది, ఇంటావిడ పోపుల డబ్బాలోంచి తీసి ఇస్తుంది. అది మునిసిపాలిటీ ఖర్చులో ఎక్కడా పడదు కాబట్టి, ఎంత తక్కువ తోడితే లెక్క అంత అందంగా వస్తుంది.

కాబట్టి నా సలహా, ఆ మొదటి షరతు కొట్టేయండి. జవాబు సున్నా లీటర్లు, సున్నా రూపాయలు. డాంట్జిగ్ గారు దిగొచ్చినా తప్పు పట్టలేరు, ఆయ్. నీటి పన్ను మాత్రం ఈ లెక్కలో లేదు, అది ఎప్పటిలాగే కట్టాలి, గడువు దాటితే వడ్డీతో.