సవరణ: ఆకు సంపెంగ, సంపెంగ కుటుంబానిది కాదు

సంపెంగ గురించి మొన్న రాసినప్పుడు ఆకు సంపెంగను కూడా సంపెంగ ఉండే మాగ్నోలియా కుటుంబంలో చేర్చేశాను. అది తప్పు. పేరు, వాసన చూసి ఒకే ఇంటివని అనుకున్నాను. ఆకు సంపెంగ, అంటే మనోరంజితం, సీతాఫలం కుటుంబానిది. రెండు కుటుంబాలూ దూరపు చుట్టాలే, అంతవరకే.

సింహాచలం సంపెంగ, అంటే మనం మామూలుగా సంపెంగ అనే చెట్టు, మాత్రం అచ్చమైన మాగ్నోలియానే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి మిఖేలియా చంపకా అని పేరు పెట్టాడు, ఇప్పుడు మాగ్నోలియా చంపకా అంటున్నారు. మాగ్నోలియా అన్నది ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పియర్ మాగ్నోల్ పేరు మీదుగా వచ్చిన మాట.

పోల్చుకోవాలంటే కొమ్మను దగ్గరగా చూడండి. సంపెంగ చెట్టుకు ప్రతి ఆకు మొదట్లో, కొమ్మ చుట్టూ ఉంగరం తొడిగినట్టు సన్నని గీత ఉంటుంది. చిగురును కప్పిన పొర రాలిపోయిన గుర్తు అది. పసుపు, నారింజ రంగు రేకలు డజనుకు పైనే ఉంటాయి. ఆకు సంపెంగ పాకే పొద. పూకాడ కొక్కెంలా వంగి ఆసరాను పట్టుకుంటుంది. రేకలు ఆరే, దళసరిగా, మొదట ఆకుపచ్చగా ఉండి తర్వాత పసుపుకు తిరుగుతాయి. ఆకుల్లో పువ్వు కనబడదు, ఘుమఘుమే పట్టిస్తుంది.

నేల సంపెంగ సంగతి ఎవరో అడిగారు. అది దుంప మొక్క, ఈ రెండింటితోనూ సంబంధం లేదు. పాత పోస్టులో ఆకు సంపెంగను మాగ్నోలియా కుటుంబంలో చేర్చిన వాక్యం తీసేశాను.