తొమ్మిదిమంది ఉమ్మడి కుటుంబం

భీమవరం దగ్గర ఓ రొయ్యల షెడ్డు గేటుకి కొత్త ఫ్లెక్సీ వెలిసింది: ‘మనమంతా ఒకే కుటుంబం’. యజమానిగారు రాజమండ్రి హోటల్లో మానవ వనరుల శిక్షణకి వెళ్లొచ్చారట. భోజనం కూడా బాగుందట.

సరే, కుటుంబసభ్యుల్ని లెక్కపెడదాం. మస్టరులో పేర్లు 9. పదిమందుంటే ఈఎస్‌ఐ (జబ్బుచేస్తే ఆదుకునే కార్మిక బీమా), ఇరవైమందుంటే పీఎఫ్ కట్టాలి మరి! లోపల బల్లల దగ్గర నిలబడి తలలు తీసే ఆడవాళ్లు మాత్రం యాభైకి తగ్గరు. దోసెడు రొయ్యలు చేతిలోకి తీసుకుని 40 కౌంటో 50 కౌంటో (కిలోకి ఎన్ని తూగుతాయో) కాటా లేకుండా చెప్పేసే మనిషి, మనుషుల దగ్గరికొచ్చేసరికి తొమ్మిది దాటి లెక్కపెట్టలేడు పాపం.

తనిఖీకి ఎవరైనా వచ్చారే అనుకోండి.

‘‘వీళ్లంతా ఎవరండీ?’’

‘‘మా చుట్టాలండీ, ఆయ్. శ్రావణమాసం పేరంటానికొచ్చారు.’’

‘‘తలకి టోపీలేంటి?’’

‘‘మా ఇంట శుభ్రత ఎక్కువండీ.’’

‘‘చేతిలో రొయ్యలో?’’

‘‘కూరకండీ.’’

‘‘శ్రావణమాసంలోనా?’’

ఈలోగా పేరంటాళ్లు వెనక గుమ్మంలోంచి కొబ్బరితోటలోకి. మేస్త్రి ఈల వేసేదాకా నోము అక్కడే.

1995లో మార్క్ హస్లిడ్ అనే అమెరికా ఆచార్యుడు వెయ్యికి దగ్గరగా కంపెనీల్ని పరిశీలించి, పనివాళ్లని సరిగ్గా ఎంచుకుని, నేర్పి, బాగా చూసుకునేచోట మానేసేవాళ్లు తక్కువ, లాభం ఎక్కువ అని తేల్చాడు. ‘‘అయ్యన్నీ పెద్ద కంపెనీలండీ, మాది చిన్నది’’ అంటారు మనాయన. చిన్నదానికేగా ఒక్క మనిషి పోయినా దెబ్బ! చెయ్యి తిరిగినావిడ పక్క షెడ్డుకి పోతుంది, కొత్తపిల్ల ఒలుస్తుంటే రొయ్య విరుగుతుంది, విరిగిన సరుక్కి రేటు పడుతుంది. ఆ నష్టం మాత్రం, మన రొయ్యల మీద అమెరికా వేసే సుంకం వల్లేనంటూ, ఆ ఖాతాలోకి వెళ్తుంది.

నెలకి 10,000 కూలి మీద యజమాని కట్టాల్సిన ఈఎస్‌ఐ వాటా 3.25 శాతం. 325 రూపాయలు. ఆ ఫ్లెక్సీకి అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది.

కుటుంబమట! ఏ ఇంట్లోనయ్యా కిలోల లెక్కన కూలిచ్చేది? జ్వరమొచ్చిన రోజు రొయ్యలొలిచే ఆవిడకి పైసా రాదు. పొద్దస్తమానం ఐసునీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోతే, పసుపు రాసుకుని మళ్లీ అదే నీళ్లలో చెయ్యి పెడుతోంది. చీము పడితే ఊళ్లో ఆర్‌ఎంపీకి డబ్బులిచ్చేది ఎవరు? ఆవిడే, అప్పు చేసి. మీ చిట్టాలో కరెంటుందీ, ఐసుందీ, డీజిలుందీ, హోటల్ భోజనమూ ఉండే ఉంటుంది. ఆ ఆర్‌ఎంపీ ఫీజు ఏ పద్దులో రాశారో చూపించండి.