పొట్ట ఆపరేషన్ అయినవాళ్ల బట్టల గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. "పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు ఎలాంటి బట్టలు వేసుకోవాలి? ప్రాణాలు కాపాడే 8 జాగ్రత్తలు, పదిమందికీ పంపండి" అని మొదలవుతుంది. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. నిన్న పంపినావిడ "మీ అక్కకి చూపించండి" అని కూడా రాశారు. మా అక్క దాన్ని మూడు నెలల కిందటే చూసింది. చూసి, నమ్మి, పాటించింది. అందుకే ఈసారి ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకోవడం నావల్ల కావట్లేదు.

చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. ఒకటి, పొట్టకి బెల్టు ఎంత బిగుతుగా కడితే కుట్లు అంత భద్రం, రాత్రీ పగలూ విప్పకూడదు, మూడు నెలలు కడితే హెర్నియా (పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి పేగు బయటికి ఉబ్బడం) రాదు. రెండు, నూలు తప్ప వేరే బట్ట తగిలితే చీము పడుతుంది. మూడు, తెల్ల బట్టలే వేసుకోవాలి. నాలుగు, లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్, అయితే ఏ జాగ్రత్తా అక్కర్లేదు, మర్నాడే జీన్స్ వేసుకోవచ్చు. ఐదు, ఆసుపత్రిలో కాళ్లకి తొడిగిన పొడవాటి బిగుతు మేజోళ్లు ఇంటికి రాగానే తీసి పారేయాలి, అవి రక్తాన్ని ఆపేస్తాయి. ఆరు, కారులో సీటు బెల్టు పెట్టుకోకూడదు. ఏడు, గాయానికి గాలి తగలకుండా రెండు మూడు పొరల బట్టలు ఉండాలి. ఎనిమిది, ఆపరేషన్‌కి ముందే రెండు సైజులు పెద్ద బట్టలు సిద్ధం చేసుకోవాలి.

మూడోది వదిలేద్దాం. రంగుకీ గాయానికీ సంబంధం లేదు. ఏడోదీ అంతే. శుభ్రంగా కుట్టిన కోత పైపొర దాదాపు 48 గంటల్లో అతుక్కుంటుంది. దాని మీద పొరలు పొరలుగా కప్పితే చెమట పట్టి, డ్రెస్సింగ్ తడిసి, చర్మం నానిపోతుంది. డాక్టరు పెట్టిన డ్రెస్సింగ్, దాని మీద ఒక వదులు బట్ట చాలు.

రెండోది సగం నిజం. నూలు మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది, వేడినీళ్లలో ఉతికినా తట్టుకుంటుంది. దొరికితే అదే వేసుకోండి. కానీ చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల. నైలాన్ తగిలితేనే చీము పట్టేటట్టయితే సర్జన్లు కుట్లు ఎలా వేస్తారు? వాళ్లు వాడే దారాల్లో నైలాన్ ఉంది, పాలీప్రొపిలీన్ ఉంది. సింథటిక్ నైటీ తప్ప వేరేది లేదని ఒకావిడ రాత్రంతా భయంతో నిద్రపోలేదట. ఉతికి ఆరేసిన నైటీ, ఒంటికి వదులుగా ఉంటే, ఏ గుడ్డదైనా పరవాలేదు.

ఇక మొదటిది. నాకు కోపం తెప్పించేది ఇదే, ఎక్కువ చెప్పాల్సిందీ దీని గురించే.

మా అక్కకి అయింది పేగు ఆపరేషన్. బొడ్డు పైనుంచి కిందిదాకా నిలువు కోత. ఐదో రోజున ఇంటికి పంపేటప్పటికి, ఊపిరి పీల్చే మూడు బంతుల పరికరంలో రెండు బంతులు లేపుతోంది. ఆ సాయంత్రమే ఎవరో ఈ మెసేజ్ పంపారు. కుట్లు పిగిలిపోతాయేమోనన్న భయం ఇంట్లో అందరికీ ముందునుంచీ ఉంది. ఇద్దరం పట్టుకుని బెల్టు లాగి కట్టాం. "ఊపిరాడట్లేదు" అంది. "కుట్ల కోసం కాస్త ఓర్చుకో అక్కా" అన్నాం. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాటికి ఒక్క బంతి కూడా పూర్తిగా లేవలేదు. మూడో రోజు రాత్రి జ్వరం 38 డిగ్రీలు దాటింది, ఆయాసం మొదలైంది. మళ్లీ ఆసుపత్రి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోయి కనిపించాయి, ఒక పక్క న్యుమోనియా. బెల్టు ఒక్కటే కారణమని డాక్టరు అనలేదు, నేనూ అనను. నొప్పికి భయపడి అక్క పెద్దగా ఊపిరి తీయలేదు, మంచం దిగలేదు. కానీ తీయగలిగిన ఆ కాస్త ఊపిరిని కూడా మేం బిగించి కట్టేశాం.

బిగించినకొద్దీ కుట్లు భద్రం అనేవాళ్లు పొట్టని మూతి కట్టిన మూటలా ఊహించుకుంటున్నారు. పొట్ట గోడకి బలం చర్మం నుంచి రాదు. చర్మం కింద, కండరాల్ని పట్టి ఉంచే గట్టి తెల్లటి పొర ఒకటి ఉంటుంది. సర్జన్ అన్నిటికన్నా శ్రద్ధగా కుట్టేది దాన్నే. అందుకు చాలాసార్లు వాడే దారం పూర్తిగా కరగడానికి 6 నెలల దాకా పడుతుంది. పొర తనంతట తాను అతుక్కునేదాకా ఆ దారమే కాపలా. బయటనుంచి మనం లాగి కట్టే పట్టీ దానికి ఒక్క కుట్టంత బలం కూడా కలపదు.

కుట్ల మీద భారం పడేది లోపలినుంచి. ఊరికే పడుకున్నప్పుడు పొట్ట లోపలి ఒత్తిడి పాదరసం లెక్కలో 5 నుంచి 7 మిల్లీమీటర్లు ఉంటే, గట్టిగా దగ్గినప్పుడు 100 దాటగలదు. దగ్గొస్తే కోత మీద దిండు అదిమి పట్టుకోమనేది అందుకే. మలబద్ధకం రాకుండా మందిచ్చేదీ, నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తొద్దనేదీ అందుకే. పొట్టని నాలుగువైపులా పిసికినట్టు కట్టేస్తే లోపలి ఒత్తిడి పెరుగుతుందే గానీ తగ్గదు. పేగులు పైకి నెట్టుకొస్తాయి, ఊపిరితిత్తుల కింద ఉండే కండరం డయాఫ్రం, ఊపిరి తీసేటప్పుడు కిందికి దిగాల్సింది, దిగలేదు, ఊపిరితిత్తుల అడుగు భాగం తెరుచుకోదు. కాళ్లనుంచి పైకి రావాల్సిన రక్తం నెమ్మదిస్తుంది. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం అసలే ఎక్కువ. అప్పుడే ఆ దారిని కూడా నొక్కిపెట్టమంటోంది ఈ మెసేజ్.

రాత్రీ పగలూ విప్పకపోతే ఇంకొకటి. మనిషి కూర్చోగానే బెల్టు పైకి జరిగి దాని అంచు సరిగ్గా కోత మీదికి వస్తుంది. కోత చుట్టుపక్కల చర్మానికి నెలల తరబడి స్పర్శ సరిగా ఉండదు, చిన్న చిన్న నరాలు తెగి ఉంటాయి కాబట్టి. సిజేరియన్ అయినవాళ్లకి కోత దగ్గర మొద్దుబారినట్టుండేది అందుకే. అంచు ఒరుసుకుని తోలు లేచిపోయినా తెలియదు. విప్పి చూస్తేనే తెలుస్తుంది, విప్పొద్దంటోంది మెసేజ్. పేగుని పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టినవాళ్లు దీన్ని పాటిస్తే ఏమవుతుందో రాసినవాళ్లు ఒక్క క్షణమైనా ఆలోచించారా? వాళ్లకి కావాల్సింది ఆ చోట రంధ్రం ఉన్న ప్రత్యేకమైన బెల్టు, అదీ నర్సు కొలత చూసి ఇచ్చింది.

మూడు నెలలన్న లెక్క ఎక్కడిదో ఊహించగలను. కోత పడిన చర్మానికి మూడు వారాలకి పాత బలంలో సుమారు 20 శాతం, మూడు నెలలకి 80 శాతం దాకా వస్తుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది గాయం తనంతట తాను మానే లెక్క, బెల్టుతో పనిలేదు. బెల్టు వాడితే కోత దగ్గర హెర్నియా రాదని రుజువు కాలేదు. గాయంలో చీము పట్టడం, పొగ తాగడం, అధిక బరువు, అదుపులో లేని షుగరు, తగ్గని దగ్గు, ఇవి దాన్ని తెచ్చిపెట్టేవి. వీటిలో ఒక్కదాని పేరైనా ఆ మెసేజ్‌లో లేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. రెండోసారి ఆసుపత్రిలో నేను ఆ బెల్టుని చెత్తబుట్టలో వేయబోయాను. ఫిజియోథెరపిస్ట్ ఆపి, అక్కని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టింది. గట్టిగా ఊపిరి తీయమంది, బెల్టు అడ్డు రాలేదు. ఆ రోజే అక్క వరండా చివరిదాకా నడిచి వచ్చింది, ఆపరేషన్ తర్వాత మొదటిసారి. సరిగ్గా కట్టిన బెల్టు మొదటి రోజుల్లో నొప్పిని కొంత తగ్గిస్తుంది, నడవడానికి ధైర్యమిస్తుంది, ఊపిరికి పెద్దగా అడ్డు రాదు. పరిశోధనల్లోనూ ఇదే కనిపించింది. కాబట్టి బెల్టే వద్దని నేను అనుకోవడం కూడా పొరపాటే. లేచి నడిచేటప్పుడు కట్టుకోండి, పడుకున్నప్పుడు విప్పి చర్మం చూసుకోండి. మీ ఆపరేషన్‌కి అది అవసరమా కాదా అన్నది మీ సర్జన్ చెప్పాలి.

నాలుగోది, లాప్రోస్కోపీ అయినవాళ్ల జీన్స్ సంగతి. రంధ్రాలు చిన్నవే, ఒక్కొక్కటి 5 నుంచి 12 మిల్లీమీటర్లు. కానీ అవి ఎక్కడున్నాయో చూశారా? ఒకటి బొడ్డు దగ్గర, మిగతావాటిలో ఒకటో రెండో చాలాసార్లు పొత్తికడుపు దగ్గర, అంటే ప్యాంటు బొత్తాం, నడుంపట్టీ నొక్కుకునే చోటే. పైగా ఆపరేషన్‌లో చోటు కోసం పొట్టలోకి కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కిస్తారు. అందులో మిగిలిన కాస్త వల్ల ఒకటి రెండు రోజులు పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, భుజం కూడా లాగుతుంది. నిన్నటిదాకా సరిపోయిన ప్యాంటు అప్పుడు సరిపోదు. నాకు తెలిసిన ఒకబ్బాయి అపెండిక్స్ తీయించుకున్న మూడో రోజున, ఈ మాట నమ్మి, జీన్స్ వేసుకుని గంటసేపు కూర్చున్నాడు. బొడ్డు దగ్గరి డ్రెస్సింగ్ ఊడి ప్యాంటుకి అంటుకుంది. ఒకటి రెండు వారాలు వదులు పైజామా వేసుకుంటే పోయేదేముంది? నాడా ఉన్నదైతే ఇంకా మేలు, ఉబ్బరాన్ని బట్టి వదులు చేసుకోవచ్చు. ఎలాస్టిక్‌ది అయితే దాని పట్టీ కోతకి బాగా పైనో కిందో ఉండాలి. లోదుస్తుల విషయంలోనూ ఇదే చూసుకోవాలి. అడ్డకోత ఉన్నవాళ్లకి బొడ్డు పైదాకా వచ్చే రకం హాయిగా ఉంటుంది.

ఐదోది కూడా మొదటిదానికి తోబుట్టువే. పొట్టని ఊపిరాడకుండా బిగించమన్న మనిషే, కావాలని బిగుతుగా చేసిన మేజోళ్లని తీసి పారేయమంటున్నాడు! అవి పిక్క, తొడ కొలిచి ఇచ్చేవి. చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి వెళ్లేకొద్దీ తక్కువగా నొక్కి రక్తాన్ని పైకి పంపుతాయి. కాళ్ల ధమనుల్లో రక్తం సరిగా ఆడనివాళ్లకి వాటిని ఇవ్వకూడదు, ఆ సంగతి ఆసుపత్రిలోనే చూస్తారు. ఇచ్చారంటే, ఎన్ని రోజులు వేసుకోమన్నారో అన్ని రోజులూ వేసుకోవాలి. గడ్డకట్టే ప్రమాదం ఇంటికి రాగానే పోదు. పొట్టలో క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకి గడ్డలు కట్టకుండా 28 రోజుల దాకా ఇంజెక్షన్లు ఇస్తుంటారు. మేజోడు పైఅంచు కిందికి చుట్టుకుపోతే మాత్రం తాడు కట్టినట్టు నొక్కేస్తుంది, దాన్ని సరిచేయాలి. రోజూ ఒకసారి తీసి చర్మం చూసి మళ్లీ వేసుకోవాలి. వంగి తొడుక్కోవడం పేషెంటు వల్ల కాదు, ఇంకొకరు తొడగాలి.

ఆరోది చదివినప్పుడు నా చేతులు వణికాయి. కుట్లు నొప్పి పుడతాయని సీటు బెల్టు మానేయమంటారా? సడెన్ బ్రేకు పడితే మనిషి ముందుకెళ్లి దేనికి గుద్దుకుంటాడు? ఆ దెబ్బ తగిలేది ఆ పొట్టకే కదా. నడుము దగ్గరి పట్టీని కోత మీదినుంచి కాకుండా కిందికి, తుంటి ఎముకల మీదికి దించుకోవాలి. ఒరుసుకుంటుంటే పల్చటి తువ్వాలు మడిచి మధ్యలో పెట్టుకోవచ్చు. అప్పటికీ భరించలేనంత నొప్పి ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

ఎనిమిదోది సరైనదే. ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదొక్కటే. అక్క ఆపరేషన్‌కి ముందు పెద్ద సైజు బట్టలు కొందామంటే "వారం రోజుల కోసం ఎందుకు" అని నేనే వద్దన్నాను. వాపు, డ్రెస్సింగ్, లోపలి నీరు బయటికి రావడానికి పెట్టిన ట్యూబు అన్నీ కలిసి పాత బట్టల్లో పట్టవని ఇంటికి తీసుకొచ్చే రోజున తెలిసింది. అక్క ఆసుపత్రి గౌనులోనే కారెక్కింది.

ఎనిమిది పాయింట్లు రాసినవాళ్లు ట్యూబు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ ట్యూబుతో, అంటే డ్రెయిన్‌తో, ఇంటికొచ్చేవాళ్లకి బట్టల్లో మొదటి కష్టం అదే. దాని సంచి వేలాడితే ట్యూబు లాగి కుట్టు దగ్గర ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది. సంచిని కోతకన్నా కిందుగా, చొక్కా లోపలివైపు పిన్నీసుతో పట్టించాలి. పిన్నీసు ట్యూబుకి గుచ్చుకోకూడదు, ట్యూబు నడుంపట్టీలో నలగకూడదు. తలమీదుగా తొడిగేవి పక్కన పెట్టి, ముందు బొత్తాలున్నవి వేసుకోండి. ప్యాంటు నిలబడి వేసుకోవద్దు, మంచం అంచున కూర్చుని వేసుకోండి. చెప్పులు వంగకుండా కాలు దూర్చేవీ, జారనివీ కావాలి.

వదులు బట్ట వేసుకోమనడానికి ఇంకో కారణం, రోజూ తేలిగ్గా ఎత్తి కోతని చూసుకోవచ్చు. ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకి చెప్పండి. ఐదు నుంచి పది రోజుల మధ్య కోత నుంచి గులాబీ రంగు నీరు ఉన్నట్టుండి ఎక్కువగా కారితే లోపలి కుట్లు వదులుతున్నాయేమోనని అనుమానించాలి. అప్పుడు బెల్టు బిగించి చూద్దాం అనుకోవద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ మెసేజ్ పంపినవాళ్లు దయచేసి దాన్ని తీసేయండి. తీయడం కుదరకపోతే దాని కిందే ఒకటి, ఐదు, ఆరు తప్పని రాయండి. మన గ్రూపులో ఒకావిడకి వచ్చే వారం ఆపరేషన్ ఉంది, నిన్న ఆవిడ దానికి "థాంక్స్, సేవ్ చేసుకున్నాను" అని రాశారు.