సీటు మార్చండి, సీటు రైల్‌ని మాత్రం కోయించకండి

కారు సీటు బాగోలేదని వేరే మోడల్ సీటు తెచ్చి బిగించుకోవడం తప్పేమీ కాదు. కొందరు దీన్ని సోకు అని కొట్టిపారేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. చెన్నైలో అంబత్తూరు నుంచి ఓఎంఆర్ రోడ్డు దాకా రోజూ క్లచ్ తొక్కుతూ వెళ్లే మనిషికి, కుంగిపోయిన సీట్లో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన మనిషికి మంచి సీటు అవసరం. నా గొడవంతా ఆ సీటుని కింద ఎలా బిగిస్తున్నారన్న దాని మీదే. సీటు కలర్ ఏంటని అడుగుతారు, లెదరా రెగ్జినా అని అడుగుతారు, రేటు దగ్గర అరగంట బేరమాడతారు. కింద సీటు ముందుకీ వెనక్కీ జారే రైల్ సంగతి, దాన్ని బండి నేలకి బిగించే నాలుగు బోల్టుల సంగతి మాత్రం ఎవరూ అడగరు.

మా బాబాయి దగ్గర పాత మారుతి జెన్ కారు ఉంది. ఇంజిన్‌కి ఇప్పటికీ వంక పెట్టలేం. సీట్లే పూర్తిగా అయిపోయాయి. నెల్లూరు వెళ్లొచ్చాడంటే మర్నాడు మంచం దిగలేడు. పుదుపేటలో మంచి సీట్లు దొరుకుతాయని ఎవరో చెబితే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

తెలియనివాళ్లకి చెబుతున్నా, పుదుపేట అంటే ఎగ్మోర్ పక్కన, కూవం ఒడ్డున, విప్పేసిన బండ్ల సామాను దొరికే చోటు. ఒక షాపు నిండా తలుపులే, ఇంకో షాపు నిండా హెడ్‌లైట్లే. ఆ పేట మీద నాకు గౌరవం ఉంది. కంపెనీ ఎప్పుడో తయారీ ఆపేసిన బండ్లు ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నాయంటే ఇలాంటి చోట్ల పుణ్యమే. ఒక బోల్టు చేతికిస్తే అది ఏ బండిదో చెప్పగల పనివాళ్లు అక్కడున్నారు. అందుకే ఆ రోజు విన్న మాట నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

షాపతను నాయుడుపేట వైపు నుంచి వచ్చినవాడు. ఒక పెద్ద సెడాన్ సీట్లు కిందికి దింపి చూపించాడు. సీట్లు నిజంగా బాగున్నాయి.

"మా బండి రైల్‌కి సరిపోతాయా తమ్ముడూ?" అని బాబాయి అడిగాడు.

"రైల్‌తో పనేముంది సార్, అది కోసేసి పట్టీ ముక్కలు పెట్టి వెల్డింగ్ కొట్టేస్తాం. సాయంత్రానికి బండి తీసుకెళ్లిపోవచ్చు."

"ఆగుతుందా మరి?"

"ఏనుగు కూర్చున్నా ఆగుతుంది సార్."

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. ఏనుగు కూర్చుంటే బరువు కిందికి పోతుంది, నేల మోస్తుంది. దానికి ఎంత నాసి వెల్డింగయినా ఆగుతుంది. బండి దేన్నయినా గుద్దినప్పుడు బరువు కిందికి కాదు, ముందుకి పోతుంది. సీటు ముందు కాళ్లు నేలకి అదుముకుంటాయి, వెనక కాళ్లు పైకి లేవబోతాయి. అప్పుడు సీటుని పట్టి ఉంచాల్సింది ముఖ్యంగా వెనక బోల్టులు. అదే ఆగి ఉన్న మన బండిని వెనక నుంచి లారీ గుద్దితే లెక్క తిరగబడుతుంది. మనిషి బరువంతా సీటు వీపు మీద పడి, ముందు బోల్టుల్ని పైకి పెకలించబోతుంది. ఈ రెండింటికీ కూర్చుని ఊగి చూసే పరీక్షతో సంబంధమే లేదు.

ఎంత బరువో కూడా చెబుతాను. కార్ల సీట్లకి ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటుంది, నంబరు 17. దాని ప్రకారం సీటు 20 జీ కుదుపుకి, అంటే తన బరువుకి 20 రెట్ల బలానికి ఆగాలి. 20 కిలోల సీటయితే ఆ క్షణంలో 400 కిలోల బలంతో తన బోల్టుల్ని లాగుతుంది. ఇది ఖాళీ సీటు లెక్క. బెల్టు బిగించే పాయింట్లకి నంబరు 14 నిబంధన ఉంది. మామూలు కార్లలో భుజం పట్టీని, ఒడి పట్టీని ఒక్కోదాన్ని 13.5 కిలోన్యూటన్ల బలంతో లాగి చూస్తారు. ఒక్కో పట్టీకి 1,300 కిలోలకి పైన బరువు వేలాడదీసినట్టు లెక్క. మన దేశంలో ఇదే పనికి సీట్లకి ఏఐఎస్-016, బెల్టు పాయింట్లకి ఏఐఎస్-015 ప్రమాణాలున్నాయి. బండి భద్రతని ఇలా పరీక్షించే ల్యాబ్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఒరగడంలో గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అలాంటి పరీక్షలు దాటి వచ్చిన రైల్‌ని గ్రైండర్‌తో కోసి పారేసి, ఆ స్థానంలో తుక్కు ఇనుప పట్టీ పెడుతున్నాం.

పైగా కొత్త మోడళ్లలో చాలావాటికి బెల్ట్ బకిల్ (బెల్టుని గుచ్చి పెట్టే లాకు) సీటుకే బిగించి ఉంటుంది. అంటే ప్రమాదంలో మనిషిని ఆపే బలంలో ఒక భాగం బకిల్ నుంచి సీటు ఫ్రేమ్‌కి, అక్కడి నుంచి రైల్‌కి, రైల్ నుంచి నేలకి పోతుంది. వెల్డింగ్ ఊడితే సీటుతోపాటు బెల్టు కూడా పోయినట్టే. మీ బండిలో బకిల్ దేనికి బిగించి ఉందో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి.

రైల్ అంటే ఏదో జారే పట్టీ అనుకుంటారు చాలామంది. సీటు విప్పినప్పుడు తిరగేసి చూడండి. కింది రైల్ నేలకి, పై రైల్ సీటు ఫ్రేమ్‌కి బిగించి ఉంటాయి. రెండిటి అంచులూ లోపలికి మడిచి ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని ఉంటాయి. అందుకే ముందుకీ వెనక్కీ జారుతుంది గానీ పైకి లాగితే రాదు. లోపల వరసగా గాళ్లు, అంటే లాకు పట్టే గంట్లు ఉంటాయి. లివర్ వదలగానే లాకు పళ్లు ఆ గాళ్లలో పడాలి, అదీ రెండు వైపులా ఒకేసారి పడాలి. రెండు వైపుల లాకుల్నీ కలుపుతూ ముందు ఒక కడ్డీ ఉంటుంది, కొన్నిటిలో తీగ ఉంటుంది. వెడల్పు తేడా ఉన్న సీటు పెట్టి ఆ కడ్డీని వంచారనుకోండి, తలుపు వైపు లాకు పడుతుంది, గేరు వైపు లాకు అంచు మీద ఆగిపోతుంది. మామూలుగా నడిపినంత కాలం తెలియదు. గట్టిగా బ్రేక్ కొట్టిన రోజు సీటు ఒక పక్కకి మెలితిరిగి ముందుకొచ్చేస్తుంది.

వెల్డింగ్ మీద నాకున్న అభ్యంతరం పనివాడి చేతి మీద కాదు. రైల్‌కీ సీటు ఫ్రేమ్‌కీ వాడే ఉక్కుకి ఆ గట్టిదనం తయారీలో వచ్చింది. ఆర్క్ పెట్టి కాల్చాక అతుకు పక్కన ఉన్న ఉక్కు మునుపటిలా ఉండదు. వేడికి రైల్ ఒక వెంట్రుకవాసి వంగినా రెండు రైల్స్ సమానంగా నడవవు. నిప్పురవ్వలు గాడిలో పడి గట్టిపడితే స్లైడర్ పట్టేస్తుంది. ఎంత మంచి వెల్డరయినా వీటిని పైనుంచి చూసి చెప్పలేడు.

మరి సీటు మార్చాలంటే ఎలా? ముందు అదే మోడల్‌లో పై వేరియంట్ సీటు దొరుకుతుందేమో వెతకండి. మన బండి బేసిక్ వేరియంట్ అయితే, దాని టాప్ వేరియంట్ సీటుకి చాలాసార్లు నేల మీద అవే రంధ్రాలు సరిపోతాయి. ఎత్తు సర్దుకునే లివర్ కూడా దాంతోనే వస్తుంది. ఎవరూ ముందు దీన్ని వెతకరు, నేరుగా వేరే కంపెనీ పెద్ద సీటు మీద పడతారు.

అది దొరక్కపోతే వేరే మోడల్ సీటు తెచ్చుకోండి. కానీ ఆ సీటు మీ బండి రైల్ మీదికి రావాలి. పాత మోడళ్లలో చాలావాటికి సీటు ఫ్రేమ్ పై రైల్‌కి బోల్టులతోనే ఉంటుంది, విప్పదీయొచ్చు. రెండు సీట్లూ తిరగేసి పక్కపక్కన పెట్టి రంధ్రాల మధ్య దూరం కొలవండి. ముందు వెనకలు, కుడి ఎడమలు, ఎత్తు, అన్నీ. అట్టముక్క మీద అచ్చు గీసుకోండి. తేడా ఉంటే మధ్యలో మందమైన ఉక్కు ప్లేటు చేయించి బోల్టులతో బిగించాలి. నేనైతే 5 మిల్లీమీటర్లకి తగ్గనివ్వను. అంబత్తూరు ఎస్టేట్‌లో ప్లేటు కోసి, వంచి, కొలత ప్రకారం డ్రిల్ చేసిచ్చే వర్క్‌షాపులకి కొదవ లేదు. ఇలా చేసిన ప్లేటు కూడా ల్యాబ్‌లో పరీక్షించింది కాదని గుర్తుంచుకోండి. అందుకే నా మొదటి సలహా ఎప్పుడూ అదే మోడల్ సీటే. ఇక కొత్త మోడళ్లలో రైల్‌ని సీటు ఫ్రేమ్‌కే రివెట్లతోనో వెల్డింగ్‌తోనో కలిపేసి ఉంటే, వేరే మోడల్ ఆలోచన అక్కడితో మానుకోండి.

బోల్టు తల మీద అంకెలు చూడండి. 8.8 అనో 10.9 అనో చెక్కి ఉంటుంది. మొదటి అంకె దాని తన్యబలం, అంటే తెగకుండా ఎంత లాగుడు ఓర్చుకుంటుందన్నది, రెండోది ఎంత లాగితే శాశ్వతంగా సాగిపోతుందన్న లెక్క. ఏ అంకే లేని బోల్టు తలుపు గడియకి పనికొస్తుంది, సీటుకి పనికిరాదు. ఎత్తు సరిపోలేదని వాషర్ల మీద వాషర్లు పేర్చి పొడుగు బోల్టు వేయడం ఇంకో ఘోరం. ఆ బోల్టుని సగానికి విరిచే పని మనమే సులభం చేసినట్టు. నేల రేకుకి కొత్త రంధ్రం వేయడం అంతకన్నా ఘోరం. కంపెనీ రంధ్రాల కింద బలమైన అడ్డపట్టీ, దానికి అతికిన నట్టు ఉంటాయి. పక్కనే ఉన్న రేకు మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వాషరు ఆ రేకుని చించుకుని బయటికొచ్చేస్తుంది.

సీటు వాలు కూడా మారకూడదు. కూర్చునే భాగం ముందు అంచు కాస్త ఎత్తుగా ఉండేది ఊరికే కాదు. గుద్దుకున్నప్పుడు మనిషి ఒడి పట్టీ కింద నుంచి ముందుకి జారిపోకుండా ఆ ఎత్తే ఆపుతుంది. వెనక వైపు మాత్రమే ఎత్తి బిగిస్తే ఆ రక్షణ పోతుంది, పట్టీ తుంటి ఎముక మీద నుంచి పొట్ట మీదికి ఎక్కుతుంది. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండయితే ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. కొత్త సీటు వీపు మందంగా ఉంటే ఈ దూరం మనకి తెలియకుండానే తగ్గిపోతుంది.

చెన్నైలో పాత సీటు కొనేవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. 2015 డిసెంబర్ వరదల్లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానులో ఈ ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. మునిగిన కార్ల సామాను కూడా ఏదో ఒక రోజు మార్కెట్‌కే వస్తుంది. పైన కవర్ కొత్తది వేసి మెరిపిస్తారు. మీరు కవర్ కింద చెయ్యి పెట్టి స్ప్రింగుల్ని తడమండి. రైల్ గాడిలో ఎండిన బురద, ఫ్రేమ్ మూలల్లో పొరలు పొరలుగా లేచిన తుప్పు కనిపిస్తే, సగం రేటుకిచ్చినా వద్దనండి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్ల విషయంలో నాది ఒకటే మాట, ముట్టుకోవద్దు. సీటు వీపు పక్కన చిన్న ట్యాగ్ ఉంటే లోపల పేలుడు పదార్థంతో తెరుచుకునే బ్యాగ్ ఉన్నట్టు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటుంది. దాన్ని పీకేసి మీటర్‌లో హెచ్చరిక లైటు వెలగకుండా రెసిస్టర్ పెట్టే వాళ్లున్నారు. అది బండిని బాగుచేయడం కాదు, బండి చేత అబద్ధం చెప్పించడం. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకి బెల్ట్ రిమైండర్ తప్పనిసరి కాబట్టి వాటిలో సాధారణంగా సీటు కింద వైర్లు ఉంటాయి. ఆ బండ్లని అధీకృత సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకి ఓనర్‌కి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షన్‌లో ఉంది. వెనక బెంచీ సీటు తీసేసి విడి సీట్లు పెడితే సీట్ల సంఖ్యే మారిపోతుంది, అది ఆర్సీలో రాసి ఉండే విషయం. సంఖ్య మారకపోయినా, ఏం మారుస్తున్నారో ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి పంపి జవాబు తీసి పెట్టుకోండి.

కార్ల కంపెనీల మీద కూడా నాకు కోపమే. సీటు ఎత్తు సర్దుకునే లివర్‌ని పై వేరియంట్‌కి దాచిపెట్టడం ఏం న్యాయం? పొట్టి మనిషికీ పొడుగు మనిషికీ బేసిక్ వేరియంట్‌లో ఒకటే ఎత్తు ఇస్తే, జనం దిండ్లు వేసుకుంటారు, లేదా వెల్డింగ్ షాపుకి పోతారు. సీటు ఎత్తు, నడుం దగ్గర ఆసరా, ఈ రెండూ ప్రతి వేరియంట్‌లో ఉండాలి. ఇది సౌకర్యం కింద లెక్కేసే విషయం కాదు.

బాబాయి ఆ సెడాన్ సీట్లు కొనలేదు. జీపీ రోడ్ వైపు ఒక సీట్ల పనివాడి దగ్గర పాత సీటు ఫోమ్ మొత్తం మార్పించాం. సాగిన స్ప్రింగులు తీసి కొత్తవి వేయించాం, నడుం దగ్గర కాస్త గట్టి ఫోమ్ పెట్టించాం. రైల్ విప్పలేదు, గాళ్లు తుడిచి గ్రీజు రాశాం అంతే. నడుం నొప్పి పూర్తిగా పోలేదు గానీ నెల్లూరు వెళ్లొచ్చి మర్నాడు తన పని తాను చేసుకుంటున్నాడు. చాలామందికి కావాల్సింది కొత్త సీటు కాదు, కొత్త ఫోమ్. సీటు మార్చే ముందు ఆ ఖర్చు ఎంతో ఒకసారి అడిగి చూడండి.

ఇప్పటికే వెల్డింగ్ పెట్టించుకున్నవాళ్లు టార్చ్ పట్టుకుని సీటు కింద చూడండి. అతుకుల దగ్గర చీలిక గానీ, పెయింట్ లేచి తుప్పు గీత గానీ ఉందేమో చూడండి. లివర్ వదిలాక రెండు వైపులా పళ్లు గాళ్లలో పడ్డాయో లేదో చూడండి. ఏ తేడా కనిపించకపోయినా, మీ మోడల్ ఒరిజినల్ సీటూ రైలూ సెట్‌గా పుదుపేటలోనే దొరుకుతాయి, వెతికి తెచ్చి కంపెనీ రంధ్రాల్లోనే బిగించుకోండి. అప్పటిదాకా ఆ బండి ఊళ్లో పనులకి కూడా తీయకండి, కుటుంబాన్ని ఎక్కించుకుని తిరుపతి హైవే మీదికి అసలే వెళ్లకండి.