ఖర్చుతో పాటు సముద్రాన్నీ లెక్కలోకి తీసుకోవాలి

కెనడాలోని వాంకూవర్ నగరంలో సముద్ర తీరాన, పెద్ద సదస్సులు జరిగే కన్వెన్షన్ సెంటర్ ఉంది. దాని విస్తరణపై వచ్చిన ఒక వ్యాసం దాన్ని కేవలం ఖర్చు అంచనాలు దాటిన ప్రాజెక్టుగానే చూపింది. 49.5 కోట్ల కెనడా డాలర్లతో పూర్తవుతుందనుకున్న, విస్తరణలో భాగమైన పశ్చిమ భవనం వ్యయం 2009లో ప్రారంభమయ్యే నాటికి సుమారు 88 కోట్లకు చేరిన మాట నిజం. అది ప్రజాధనం కనుక విమర్శ న్యాయమైనదే. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ కూడా 2007లోనే ఈ ప్రాజెక్టు నిర్వహణ తీరును సమీక్షించారు.

అయితే ఆ డబ్బుతో ఏం కట్టారో కూడా చెప్పాలి కదా. ఈ భవనంలో కొంత భాగం నేల మీద, కొంత భాగం నీటిలో దింపిన స్తంభాల మీద నిలబడి ఉంది. కట్టడం వల్ల తీరంలోని జలచరాలు నిలువనీడ కోల్పోకూడదని, భవనం అంచు వెంబడి నీటిలోకి దిగే కాంక్రీటు మెట్ల వరుసలను అమర్చారు. ఆటుపోట్లకు మునిగి తేలే ఆ మెట్ల మీద నాచు, ఆల్చిప్పలు, పీతలు, నక్షత్ర చేపలు స్థిరపడ్డాయి. ఆరు ఎకరాల పైకప్పు మీద 4 లక్షలకు పైగా స్థానిక మొక్కలు, గడ్డిజాతులు పెరుగుతున్నాయి, తేనెటీగల పెట్టెలూ ఉన్నాయి. భవనాన్ని చల్లబరచడానికీ వెచ్చబరచడానికీ సముద్రపు నీటి ఉష్ణోగ్రతనే వాడుకుంటారు, మురుగునీటిని శుద్ధి చేసి మరుగుదొడ్లకూ పైకప్పు తోటకూ మళ్లిస్తారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మరొకటి: సదస్సుకు టికెట్టు లేని సామాన్యుడు సైతం ఈ భవనం చుట్టూ నీటి అంచున నడవగలడు. తీరాన్ని ప్రజలకు మూసివేయని విస్తరణను అంచనా వేసేటప్పుడు ఈ సంగతికి వ్యాసంలో ఒక్క పేరా అయినా కేటాయించవలసింది.