ఇగ్మన్ స్కీ జంప్‌ను పాడుపెట్టింది ఆట కాదు, యుద్ధం

ఈమధ్య ఓ ఫొటో తెగ తిరుగుతోంది. అడవి మధ్య కొండవాలు, పెచ్చులూడిన కాంక్రీటు, కింద గుంటలు పడ్డ పతకాల వేదిక. పైన రాత: ‘ఒలింపిక్స్ కోసం కోట్లు పోసి కట్టారు. ఆట అయిపోగానే గాలికొదిలేశారు. ఎక్కడ కట్టినా స్కీ జంప్ గతి ఇంతే. మంచు కరిగితే దానికి పనే లేదు.’ మా ఫ్యామిలీ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది.

ఫొటో నిజమే. బోస్నియా రాజధాని సారయేవో దగ్గర ఇగ్మన్ కొండ మీద 1984 వింటర్ ఒలింపిక్స్‌కి కట్టిన స్కీ జంప్ అది, అంటే కాళ్లకు స్కీ పలకలు కట్టుకుని జారి వచ్చి గాల్లోకి దూకే వాలు. తిరకాసంతా రాతలో ఉంది.

‘ఆట అయిపోగానే గాలికొదిలేశారు’ అట. ఆ వేదికను వేళ్లతో పెద్దది చేసి చూడండి. వానకి నానిన కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది, అలా గుండ్రంగా గుంటలు పడదు. అవి తూటాల దెబ్బలు. 1992 ఏప్రిల్‌లో మొదలైన సారయేవో ముట్టడి 1996 ఫిబ్రవరి దాకా సాగింది. బోస్నియాలోని సెర్బు జాతివాళ్ల సైన్యం చుట్టూ మోహరించిన ఆ ఊరికి ఐక్యరాజ్యసమితి విమానాల్లో వచ్చే సాయం కాక, తిండిగింజలైనా, ఆయుధాలైనా రావాలంటే ఇగ్మన్ కొండదారిలో దిగి, విమానాశ్రయం కింద తవ్విన సుమారు 800 మీటర్ల సొరంగంలోంచి దూరి రావాల్సిందే. 1995 ఆగస్టులో శాంతి చర్చలకు వెళ్తున్న ముగ్గురు అమెరికా ప్రతినిధులు ఆ దారిలోనే, వాహనం లోయలో పడి చనిపోయారు. అలాంటి కొండ మీద ఉన్న కట్టడం అది. యుద్ధం ఆగాక కూడా చుట్టుపక్కల మందుపాతరలు మిగిలాయి. దీన్ని నిర్లక్ష్యం అనడమంటే, బాంబు పడ్డ ఇంటిని చూపించి ఓనరు సున్నం వేయించలేదని తిట్టడమే.

తర్వాతైనా బాగుచేయలేదు కదా అంటారా? ఒప్పుకుంటాను, జంప్‌ను బాగుచేయలేదు. కానీ ముగింపు వేడుక జరిగిన జెత్రా హాలూ ఆ యుద్ధంలోనే ధ్వంసమైంది. దాన్ని మళ్లీ కట్టి 1999లో తెరిచారు. చేతిలో ఉన్న డబ్బుతో ఏది ముందు నిలబెట్టాలో ఆ ఊరు ఎంచుకుంది.

మంచు లేకపోతే పని లేదన్నది ఆట తెలియని మాట. వేసవిలో వాలు మీద ప్లాస్టిక్ పరిచి, నీళ్లు చల్లి దూకుతారు. వేసవి గ్రాండ్ ప్రీ పోటీలు 1994 నుంచీ ఉన్నాయి. దక్షిణ కొరియాలోని ఆల్పెన్సియాలోనైతే జంపర్లు దిగే చోటే ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు కూడా ఆడారు.

ఇక ‘ఎక్కడ కట్టినా ఇంతే’. 1984లో ఇగ్మన్ చిన్న జంప్ మీద తూర్పు జర్మనీ కుర్రాడు యెన్స్ వైస్‌ఫ్లోగ్ స్వర్ణం గెలిచాడు. పెద్ద జంప్ మీద ఫిన్లాండ్‌వాడు మట్టి న్యుకానెన్ అతన్ని 17.5 పాయింట్ల తేడాతో వెనక్కి నెట్టేశాడు. పదేళ్ల తర్వాత, 1994 ఫిబ్రవరిలో నార్వేలోని లిల్లెహామర్ పెద్ద జంప్ మీద స్వర్ణం మళ్లీ ఆ వైస్‌ఫ్లోగ్‌దే. ఆ ఆటలు మొదలవడానికి వారం ముందే సారయేవో మార్కెట్లో మోర్టార్ గుండు పడి 68 మంది పోయారు. లిల్లెహామర్ జంప్ మీద 2016లో యూత్ ఒలింపిక్స్ కూడా జరిగాయి. నార్వేలోనే ఆస్లోలో హోల్మెన్‌కొల్లెన్ జంప్ మీద 1892 నుంచీ దూకుతూనే ఉన్నారు. 1964, 1976 ఆటలు చూసిన ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ బెర్గిసెల్ జంప్‌కి ఆర్కిటెక్ట్ జాహా హదీద్ గీసిన కొత్త టవర్ 2002లో వచ్చింది. ఏటా జనవరిలో పోటీలకు అక్కడ జనం కిటకిటలాడతారు.

పాడుబడ్డవి అసలు లేవని కాదు. ఇటలీలోని కోర్టినాలో 1956 ఆటల నాటి జంప్ 1990లోనే మూతపడింది. 2026 ఆటలకు కోర్టినా పేరు పెట్టుకుని, జంపింగ్ మాత్రం ప్రెదాజ్జోలో పెట్టారు. 2006 టూరిన్ ఆటలకు ప్రజెలాటోలో కట్టినవి ఏళ్లుగా ఊరికే పడి ఉన్నాయి. వాటిని చూపించి డబ్బు దండగ అని ఉంటే నేనూ తలూపేవాణ్ణి. అంతగా ఓ శిథిలం ఫొటోనే కావాలంటే ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర సెయింట్ నిజియేలో ఉంది, 1968 ఆటల నాటిది. దాని మీద ఎవరూ తుపాకీ పేల్చలేదు, ఆ రాత దానికి అతుకుతుంది.