ముసలి ఎలుకలు కావాలి

అరవై దాటిన పెద్దల మందుల డబ్బా తెరిస్తే షుగర్ బిళ్ల, బీపీ బిళ్ల, కొలెస్ట్రాల్ బిళ్ల వరసగా కనిపిస్తాయి. మోకాళ్లు సలిపినప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల వాటి పక్కన చేరుతుంది. అది డైక్లోఫెనాక్ లాంటిదైతే బీపీ మందు పనితనాన్ని తగ్గించగలదు, కిడ్నీలనూ ఇబ్బంది పెట్టగలదు. ఏ మందుకా మందు మంచిదే. వయసు మళ్లిన ఒంట్లో అన్నీ కలిసి పడ్డప్పుడే పేచీ.

దీన్ని ముందే పసిగట్టాల్సిన ల్యాబుల్లో ఎక్కువ ప్రయోగాలు రెండు మూడు నెలల చిట్టెలుకల మీదే సాగుతున్నాయి. రెండు మూడేళ్లు బతికే ప్రాణికి అది పడుచు వయసు. దానికి ఒక్క జబ్బు తెప్పించి, ఒక్క మందు ఇచ్చి, తగ్గిందని రాసుకుంటారు. రేపు ఆ మందు మింగేది నాలుగు జబ్బులున్న డెబ్బై ఏళ్ల మనిషి!

ముసలి ఎలుకలతో పని ఖరీదైనదే. రెండేళ్లు మేపాలి, ఈలోగా కొన్ని చస్తాయి, ప్రాజెక్టు గడువు ముంచుకొస్తుంది. అమెరికాలో మూడు ల్యాబులు కలిసి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే రాపమైసిన్ అనే మందును పరీక్షించబోతే, మందు చెడకుండా మేతలో కలపడం కుదిరేసరికే ఎలుకలకు 600 రోజులు నిండాయి. మనిషి లెక్కలో సుమారు అరవై ఏళ్లు. అప్పుడు మొదలుపెట్టినా వాటి ఆయుష్షు పెరిగిందని 2009లో ప్రకటించారు. ఆలస్యం కాకపోతే ఆ సంగతి అప్పట్లో తెలిసేదే కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దగ్గర, తన ఎలుకల కాలనీలో 1990లలో దానంతటదే పుట్టుకొచ్చిన ఊబకాయపు రకం ఉంది. లావు, పెరిగిన ఇన్సులిన్, రక్తంలో కొవ్వు, కంటి శుక్లాలు, కణితులు, తక్కువ ఆయుష్షు... ఇన్నీ ఒకే రకంలో. మన ఇళ్లలో చూస్తున్న జబ్బుల గుంపుకు ఇది దగ్గరి నమూనా. కాకపోతే మూలం జన్యుమార్పు కాబట్టి, సహజంగా ముసలిదైన ఎలుకకు పూర్తి బదులు కాదు.

జంతువుల అవసరం లేని పరీక్షలకు 2023లో మన నిబంధనలు దారి తెరిచాయి. స్వాగతిస్తున్నాం. అయితే అలాంటి పరీక్షల్లో చిన్న చిప్ మీద పెంచిన కాలేయ కణాలకు మోకాళ్ల నొప్పులుండవు, అవి తూలిపడవు.

అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ ముసలి ఎలుకలను పెంచి పరిశోధకులకు ఇస్తోంది. జీనోమ్ వ్యాలీలోని ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రం ఇక్కడ ఆ పని చేపట్టాలి. ఇలాంటి ప్రాజెక్టులకు ఐదేళ్ల గడువివ్వాలి. పెద్ద వయసువారి మందుకు అనుమతి కోరే కంపెనీని, ఒకటికి మించి జబ్బులున్న ముసలి జంతువుల్లో అదెలా పనిచేసిందో చూపమని ఔషధ నియంత్రణ సంస్థ అడగాలి.